గుర్తులేని బట్టలు

ఆరో తరగతిలో చేరిన కొత్తల్లో నా పక్కన కూచునే పిల్ల తన లంగా నడుంపట్టీ తిరగేసి చూపించింది. లోపలివైపు చిన్న నల్లగుర్తు. రెండు చుక్కలూ, ఒక అడ్డగీతా. "ఇది మా ఇంటి గుర్తు. మా ఇంట్లో అందరి బట్టల మీదా ఇదే ఉంటది. మీ ఇంటి గుర్తేదీ?" అనడిగింది. నేను నా లంగా తిరగేశాను. ఊడిన కుట్టుదారం తప్ప ఏమీ లేదు. "మీ చాకలికి గుర్తులు పెట్టటం రాదా?" అంది. ఆ పిల్ల తెలియకే అడిగింది. అప్పటికి నాకూ తెలియదు. అది 1967.

ఇంటికొచ్చి అమ్మనడిగాను. అమ్మ పొయ్యి ఊదుతోంది. ఊదుగొట్టం పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "మన చాకలిని నేనేనే. నేనుతికిన బట్ట నేను గుర్తుపట్టలేనా, మళ్ళీ గుర్తెందుకు?" అంది. అని మళ్ళీ పొయ్యి ఊదుకుంది. ఆ పొగకో మరి దేనికో కళ్ళు తుడుచుకుంది.

ఆ గుర్తు పెట్టేది నల్లజీడి గింజతో. గింజలో ఉండే జిగటరసాన్ని పుల్లతో తీసి గుడ్డ మీద చుక్క పెట్టి, పైన కాస్త సున్నం అద్దితే ఇక అది చచ్చినా పోదు. గుడ్డ చిరిగి పీలికలైనా చుక్క మిగులుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ గింజకి గుర్తుల గింజ అనే పేరు పెట్టుకున్నారు. చాకలి అందరి బట్టలూ ఒకే బానలో ఉబ్బకేస్తుంది గనక ఎవరివి ఏవో తేల్చటానికి ఈ ఏర్పాటు. అక్షరం రాని ఆడమనిషి, ఇంటింటికీ ఒక గుర్తు చొప్పున ఊరంతటినీ బుర్రలో పెట్టుకునేది. ఒకరకంగా చూస్తే అది ఊరి జాబితా. ఎవరు ఊళ్ళోవాళ్ళో, ఎవరు కాదో ఆ గుర్తులు చూసి చెప్పొచ్చు. మాల పల్లెలో ఒక్క బట్ట మీదా ఆ గుర్తు లేదు. మా మాదిగ పల్లెలో అంతకన్నా లేదు.

చాకలి మాకు ఎందుకు ఉతకదని చిన్నప్పుడు ఆమె మీదే నాకు కోపంగా ఉండేది. కానీ కళ్ళం దగ్గర చూశాను. పంట నూర్చి కుప్ప పోశాక మేర తీసుకోటానికి వచ్చేవాళ్ళ వరసలో మా నాన్నా ఉండేవాడు, చాకలాయనా ఉండేవాడు. మోటకు తోలు సంచీ, ఎద్దుకు పట్టెడ, కాలికి చెప్పులు ఇచ్చినందుకు నాన్నకు ఇన్ని గింజలు. ఏడాది పొడుగునా మైల మోసినందుకు ఆయనకు ఇన్ని గింజలు. ఇద్దరి ముందూ అదే కుప్ప, ఇద్దరికీ కొలిచి పోసేది అదే రైతు. చాకలి మాదిగపల్లె బట్ట ముట్టుకున్న రోజున ఊళ్ళో అందరూ మూటలు వెనక్కి తీసుకుంటారు. మేర ఆగిపోతుంది. ఆ రైతు నోరు విప్పి 'ఉతకొద్దు' అని ఎప్పుడూ అనలేదు. అనాల్సిన పని లేదు.

చాకలివాళ్ళు మాత్రం ఏం సుఖపడ్డారు? తెలంగాణలో దొరల ఇళ్ళల్లో వాళ్ళు చేసింది వెట్టి. 1940లలో పాలకుర్తిలో కౌలు భూమి గింజల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఐలమ్మ ఆ ఇంటిబిడ్డే. తమిళదేశంలో దళితులకు బట్టలుతకటానికి పుదిరై వణ్ణార్లని ఒక ప్రత్యేక కులాన్నే పెట్టారు. వాళ్ళను అంటరానివాళ్ళకే అంటరానివాళ్ళను చేశారు. మాకు ఆ వసతి కూడా లేదు. ఉంటే బాగుండేదని కాదు నేననేది. ఉంటే మేం కూడా ఒకరి నెత్తిన మూట పెట్టి ఉండేవాళ్ళం.

చాలా ఏళ్ళ తర్వాత, నేను టీచరుగా చేస్తుండగా, అంబేద్కర్ రాసుకున్న చిన్న జ్ఞాపకాల పుస్తకం 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' నా చేతికొచ్చింది. 1990లో అచ్చయింది. అందులో సతారాలో తన చిన్నతనం గురించి చెబుతూ, తమ ఇంట్లో బట్టలు అక్కలే ఉతికేవాళ్ళంటాడు. సతారాలో చాకళ్ళు లేక కాదు, కూలి ఇచ్చుకోలేకా కాదు, అంటరానివాళ్ళ బట్టలు ఏ చాకలీ ఉతకడు గనక. జుట్టు కత్తిరించేది కూడా పెద్దక్కేనట. ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. ఎక్కడి సతారా, ఎక్కడి మా కాలవగట్టు! మిలట్రీలో సుబేదారు చేసిన ఆయన ఇంట్లోనూ అంతే, చెప్పులు కుట్టే మా నాన్న ఇంట్లోనూ అంతే. రాజ్యాంగం రాసిన మనిషి వేసుకున్న తొలి చొక్కాలను ఉతికిన ఆ అక్కల గురించి ఎవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు.

1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. అంటరానితనం పేరుతో సరుకు అమ్మననటం, సేవ చెయ్యననటం నేరమంది. 1976లో దానికే పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. మంచి చట్టమే. కానీ మా ఊళ్ళో కేసు పెడితే ముందు బోనెక్కేది ఎవరు? ఆ చాకలామె. మేర ఆపేస్తానని కళ్ళతో చెప్పే రైతు కాదు.

ఇక మా ఇంటి చాకలి సంగతి. మాది గుంటూరు జిల్లాలో కృష్ణకాలవ కింద ఊరు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాకే ఈ కాలవలు పారాయి. పారే నీటికి అంటులేదని శాస్త్రాలు చెప్పేవాళ్ళే అంటారు. మా ఊళ్ళో పారే నీటికి కూడా రేవులు కట్టారు. పైన ఊళ్ళోవాళ్ళ రేవు. తర్వాత చాకిరేవు. తర్వాత గేదెలు దిగే చోటు. ఆ కింద మాది. అంటే ఊరివాళ్ళ మురికీ, వాళ్ళ గేదెల మురికీ వచ్చిన నీళ్ళల్లో మేం తెల్లబట్ట తియ్యాలి.

శనివారం అమ్మ కూలికి పోయేది కాదు. పోతే కూలి ముప్పావలా వచ్చేది, ఆ రోజు దాన్ని వదులుకునేది. ఆదివారం గుడికి తెల్లబట్ట కట్టుకోవాలి గనక. శుక్రవారం రాత్రే పని మొదలు. పొయ్యిలో బూడిద జల్లించి కుండలో వేసి నీళ్ళు పోసి ఉంచేది. తెల్లారేసరికి బూడిద అడుక్కు దిగి పైన తేట నిలిచేది. ఆ తేట వేళ్ళకు జారుతూ ఉండేది, చేతికి పుండుంటే చుర్రుమనేది. చెరువుగట్టున ఎండాకాలం తెల్లగా పొంగే చవుడుమన్ను గీకి తెచ్చి దాచిపెట్టేది. ఆ బూడిద తేటలోనూ ఈ మన్నులోనూ ఉన్నది క్షారమేనని, కొట్లో అమ్మే చాకలిసోడా కూడా అదేనని నేను సైన్సు పాఠం చెప్పేటప్పుడు తెలిసింది. బట్టల్ని ఆ నీళ్ళల్లో నానేసి, పాతకుండలో ఉడకేసి, కాలవకు మోసుకుపోయేది. కుంకుడుకాయ రసం మా అక్క పెళ్ళిచీర ఒక్కదానికే. సబ్బంటే 501 బారు. దాన్ని దారంతో ఆరు ముక్కలు కోసి, ఒక్క ముక్క నాలుగు వారాలు. కాలర్లకీ చంకలకీ మాత్రం రుద్దేది.

నాన్న బట్టలు వేరేగా ఉతికేది. అది అంటని కాదు, మరక భయం. నాన్న లందలో పనిచేసేవాడు. పచ్చితోలు సున్నపునీళ్ళల్లో నానేసి వెంట్రుక ఊడగొట్టటం, కడిగి కడిగి సున్నం పోగొట్టటం, తర్వాత తంగేడుచెక్క రసంలో ఊరేయటం. ఆ తంగేడు రసం గుడ్డమీద పడితే ఎర్రగా అంటుకుంటుంది. అదే గుడ్డ తుప్పు పట్టిన ఇనప బక్కెట్లో వేశామా, తెల్లారేసరికి నల్లగా మారుతుంది. ఒకసారి నేను తెలియక నాన్న పంచెను బక్కెట్లో నానేశాను. మోకాళ్ళ దగ్గర అరచేతంత నల్లమరకలు. అమ్మ తిట్టలేదు. బూడిదతో తోమింది, నిమ్మకాయ రుద్దింది, ఎండలో వేసింది. కొంచెం తగ్గింది కానీ పోలేదు. "ఏదో గుర్తు గుర్తన్నావుగా, ఇదిగో మనింటి గుర్తు" అంది. నాన్న ఆ పంచె చిరిగిందాకా కట్టాడు.

అన్నిటికన్నా పెద్ద గొడవ గంజిది. బట్టకు గంజి పెడితేనే అది బిర్రుగా నిలబడుతుంది, మాసినా తొందరగా ఉతుక్కుపోతుంది. కానీ మా ఇంట్లో గంజి తాగే తిండి. శనివారం గంజి గిన్నెలో ఉప్పేస్తారా, నీలిమందేస్తారా అని నేనూ తమ్ముడూ అమ్మ చేతివంక చూస్తూ కూచునేవాళ్ళం. ఉప్పేస్తే మాకు, నీలేస్తే బట్టలకు. పంట రోజుల్లో ఇద్దరికీ దొరికేది. ఆషాఢం, శ్రావణం నెలల్లో మాత్రం నేను ఆదివారం మెత్తటి లంగాతోనే గుడికి పోయాను.

ఇస్త్రీపెట్టె మా పల్లె మొత్తానికి లేదు. కంచుచెంబులో నిప్పులు పోసి, మెడకు తడిగుడ్డ చుట్టి పట్టుకుని, చెంబు అడుగుతో చొక్కా రుద్దేది అమ్మ. చెంబు గుండ్రం గనక మధ్యలో నున్నగా వచ్చేది, అంచులు ముడతలుండిపోయేవి. ఆ మిగిలిన ముడతలకు మడతపెట్టి చాపకింద పెట్టి మేం పడుకునేవాళ్ళం. కదలకుండా పడుకోమనేది. తమ్ముడు కదిలేవాడు, వాడి చొక్కాయే ముడతలు పడేది.

ఏప్రిల్ దాటాక కాలవ కట్టేసేవాళ్ళు. అప్పుడు గతి పల్లెచెరువు. మోకాటిలోతు నీళ్ళు, అడుగున ఒండ్రు. తొమ్మిది నెలలు తెల్లగా కాపాడుకొచ్చిన బట్ట ఆ మూడు నెలల్లో గోధుమరంగుకొచ్చేది. బళ్ళు తెరిచే రోజుకి మా బట్టలు అలా ఉండేవి. మొదటిరోజే మాస్టారు మా వరసను లేపి "వీళ్ళు ఎప్పుడూ ఇంతే, స్నానపానాలుండవు" అనేవాడు. కాలవ ఎప్పుడు కడతారో ఆయనకు తెలియదా? ఆయన రేవు ఎగువన ఉంది, ఆయన ఇంట్లో బావి ఉంది.

ఈ శుభ్రం గురించి మాకు చెప్పనివాళ్ళు లేరు. మా నాయనమ్మ పుట్టిల్లు ఒంగోలు వైపు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మట్టి మోసిన కుటుంబం. ఆ పనిలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేసినవాడు క్లౌ దొర. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలే. వాళ్ళల్లో మా నాయనమ్మ నాయనమ్మ ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఏట్లో మునిగి లేచాక ఆమె నేర్చుకున్న మొదటి సంగతి ఆదివారం తెల్లబట్ట అనట. దొరసానమ్మలు గోళ్ళు చూసేవాళ్ళు, తలలు చూసేవాళ్ళు, గుడిసెలో తొంగిచూసేవాళ్ళు. నాయనమ్మ ఈ సంగతి గర్వంగానే చెప్పేది. నాకు సగం గర్వం, సగం సిగ్గు. ఎవరూ తొంగిచూడని గుడిసెలోకి ఒక తెల్లామె వంగి వచ్చిందంటే అది చిన్న విషయం కాదు. అయినా వంగి చూసింది మా గోళ్ళను.

తర్వాత గాంధీ. 1932లో హరిజన సేవక సంఘం పుట్టింది, 1933 డిసెంబరులో ఆయన హరిజన యాత్ర ఆంధ్రకొచ్చింది. ఖద్దరు కట్టిన పెద్దలు పల్లెల్లోకొచ్చి చీపుర్లు పట్టారు. స్నానం చెయ్యండి, బట్టలుతుక్కోండి, కల్లు మానండి, చచ్చిన గొడ్డు తినకండి అని చెప్పారు. ఊరిబావి మీద చెయ్యి వెయ్యండని చెప్పినవాళ్ళు తక్కువ. మేం అపరిశుభ్రంగా ఉన్నాం గనక అంటరానివాళ్ళమయ్యామన్నట్టు మాట్లాడేవాళ్ళు. సంగతి తిరగేసి ఉంది. మనుస్మృతి పదో అధ్యాయం తియ్యండి. చండాలుడు ఊరిబయట ఉండాలి, పగిలిన పాత్రలో తినాలి, శవాల మీద బట్టలు కట్టుకోవాలి అని రాసి ఉంది. ముందు శవం మీద గుడ్డ కట్టించి, తర్వాత వీడి గుడ్డ కంపని ముక్కు మూసుకున్నారు. మా చిన్నతనంలో కూడా కామందు ఇంట్లో ముసలాయన పోతే ఆయన కట్టిన పంచెల మూట మా పల్లెకొచ్చేది. వాటిమీద నల్లజీడి గుర్తులుండేవి. అమ్మ ఆ గుర్తున్న చోట కత్తిరించి పొయ్యిలో వేసి, మిగతాది ఉడకేసి, మాకు కుట్టించేది.

అంబేద్కర్ కూడా బట్టల గురించి చెప్పాడు, కానీ వేరేగా చెప్పాడు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు ముట్టాడు. ముందు నీళ్ళు. ఆ డిసెంబరులో మళ్ళీ అక్కడే సభ పెట్టి, ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాడు. కులాన్ని చాటే కట్టు మానండి, మోకాళ్ళపైకి కట్టే చీర కిందికి దించండి, ఆ బరువు కడియాలు తీసేయండి, బట్టకు మాసికలుంటే ఉండనివ్వండి గానీ శుభ్రంగా ఉంచుకోండి అన్నాడు. ఆయన తీసేయమన్నది గుర్తుల్ని.

తెలుగులో ఒక మాట విచిత్రంగా ఉంటుంది. మైల. మాసిన గుడ్డా మైలే, పురుడూ మైలే, చావూ మైలే. మురికికీ అంటుకీ ఒకటే మాట. ఇంకో విచిత్రం చూడండి. బ్రాహ్మల ఇళ్ళల్లో వంటకి కట్టుకునే మడిబట్ట చాకలి ఉతికింది పనికిరాదు, చాకలి తెచ్చినదాన్ని ఇంటి ఆడవాళ్ళు మళ్ళీ తడిపి ఆరేసుకోవాలి. అంటే వాళ్ళ బట్ట వాళ్ళే పిండుకుంటే మడి. మా బట్ట మేమే ఉతుక్కుంటే మైల. చెయ్యి అదే, నీళ్ళూ అవే కాలవ నీళ్ళు!

ఇల్లు గురించి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. తాటాకు కొంప, మట్టిగోడలు. ఏడాదికి రెండుసార్లు, పంట వచ్చాకా క్రిస్మసుకు ముందూ, అమ్మ గోడలకు సున్నం వేసేది. లందకు తెచ్చిన గుల్లసున్నంలో ఒక గంప పక్కన పెట్టేది. తోలుమీద వెంట్రుకలు ఊడగొట్టేదీ అదే సున్నం, గోడ తెల్లగా చేసేదీ అదే సున్నం. దాన్ని నీళ్ళు పోసి మరిగించి, పాతగుడ్డలో వడకట్టి, తుమ్మజిగురూ చిటికెడు నీలీ కలిపి, ఈతమట్ట కొస నలగ్గొట్టి చేసిన కుంచెతో వేసేది. కింద మూరెడు ఎత్తు ఎర్రమన్ను పట్టీ. ఆ రెండూ కలిసే గీత తాడు పట్టినట్టు రావాలి. వంకర వస్తే చెరిపి మళ్ళీ వేసేది. లోపల నేల పేడతో అలికితే బొటనవేలి గీతలు అర్ధచంద్రాల్లా వరసగా పడేవి. దాని మీద ఆరేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు, నాన్న అయినా సరే.

పొయ్యివైపు గోడకు మసి పట్టకుండా పాతపేపర్లు అంటించేది. కొట్లో తూకానికి ఆంధ్రపత్రికా, ఆంధ్రప్రభా కొనుక్కొచ్చి, మైదా ఉడకేసి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అంటించేది. అమ్మకు చదువు రాదు గనక కొన్ని తలకిందులుగా అంటుకునేవి. నేను మెడ వంచి అవి చదివేదాన్ని. నాకు పత్రిక చదవటం వచ్చింది ఆ గోడమీదే. క్రిస్మసుకు వెదురుబద్దలతో నక్షత్రం కట్టి రంగుకాగితం అంటించి లోపల దీపం పెట్టి చూరుకు వేలాడేసేవాళ్ళం. దండెం మీద బట్టలు రంగు ప్రకారం వేసేది అమ్మ. తెల్లవి బయటికి, మాసికలవి వెనక్కి. మా కొంపకు వచ్చిన మీ సర్వే ఉద్యోగి ఎవరైనా ఇది రాసుకున్నాడా?

1976లో నాకు టీచర్ ట్రైనింగుకి ఇంటర్వ్యూ వచ్చింది. ఉన్నది ఒక్క తెల్ల ఓణీ, అప్పటికి కాలవ కట్టేసి నెలయింది. అది గోధుమరంగులో ఉంది. ముందురోజు చీకటిపడ్డాక చాకలామె పల్లెవైపు వచ్చింది. అమ్మ ఎప్పుడు ఏం చెప్పుకుందో నాకు తెలియదు. "గుడ్డ ఇయ్యి పిల్లా" అంది. చెంగులో దోపుకుని పోయింది. కోడికూతకు ముందు మళ్ళీ వచ్చింది. ఆ ఓణీ అంత తెల్లగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. గంజి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి, కొస కొసకు కలిపి మడతపెట్టింది. నేను ఆత్రంగా కొంగు తిరగేసి చూశాను. గుర్తు లేదు. ఆమెకు అర్థమైంది. "గుర్తెయ్యలేదే తల్లీ. బానలో అడుగున వేశాను. గుర్తుంటే మా ఆడబిడ్డ కనిపెట్టిద్ది, ఇది ఎవరిదంటది" అంది. అమ్మ డబ్బులివ్వబోతే తీసుకోలేదు. నాన్న కుట్టిన చెప్పులజత ఇస్తే మాత్రం కొంగుకింద పెట్టుకుని పోయింది. నాకు సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో ఏమడిగారో ఒక్కటీ గుర్తులేదు, ఓణీ నలక్కుండా నిలబడింది గుర్తుంది.

1985 జూలైలో కారంచేడు. మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రవాడు గేదెకు కుడితి పెట్టిన బక్కెట్టు కడిగి ఆ నీళ్ళు చెరువులోకి పోనిచ్చాడు. అదేమిటని అడిగారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త కొట్టవచ్చినవాళ్ళ మీదికి బిందె ఎత్తింది. మర్నాడు, 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్ళను చెరిచారు. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. పత్రికల్లో రాజకీయాల గురించి చాలా రాశారు. నేనూ అమ్మా మాత్రం ఆ బక్కెట్టు గురించే మాట్లాడుకున్నాం. అమ్మ ముప్పైఏళ్ళు గేదెల కింద రేవులో బట్టలుతికింది. ఒక్కరోజు కూడా అడగలేదు. "నేనూ బిందె ఎత్తాల్సింది" అంది. అని చాలాసేపు మాట్లాడలేదు.

నేను ఉద్యోగం చేసిన పట్నంలో అద్దెకి ఉన్నాం. కులం చెప్పలేదు. అడగలేదు గనక చెప్పలేదు అని మాకు మేం సర్దిచెప్పుకున్నాం. నేను అమ్మ కూతుర్ని గదా, ఇల్లు అద్దంలా ఉంచేదాన్ని. కిటికీలకు పాతచీరలు కత్తిరించి తెరలు కుట్టాను. కుర్చీలకు అల్లిన గుడ్డలు వేశాను. ఇంటిగలావిడ వాళ్ళ చుట్టాలను తీసుకొచ్చి మరీ చూపించేది, "మా పంతులమ్మగారి ఇల్లు చూడండి, ఎంత శుభ్రమో! అలవాటు ఉండాలి దేనికైనా" అనేది. ఆ మాటకు నేను నవ్వేదాన్ని. డాబా మీద ఒకటే దండెం, ఆమె చీరలూ నా చీరలూ పక్కపక్కన ఆరేవి.

ముందుగది గోడకు ఏం పెట్టాలన్నదే మా ఇద్దరికీ రోజూ తగువు. పెళ్ళి ఫొటో పెట్టాం. ఒక సీనరీ కేలండరు పెట్టాం. అంబేద్కర్ పటం ట్రంకుపెట్టెలో బట్టలకింద ఉంది. 1991లో, శతజయంతి ఏడాది, మా ఆయన దాన్ని తీసి ఫ్రేము కట్టించి తెచ్చాడు. "ఇన్నేళ్ళూ ఆయన్ని మైలబట్టల్లాగా పెట్టెలో పెట్టాం" అన్నాడు. నేనే మేకు కొట్టాను. నాకు చేతులు వణికాయి, సున్నం పెచ్చు కూడా రాలింది. మూడోరోజు ఇంటిగలావిడ వచ్చింది. పటం వైపు చూసింది, నావైపు చూసింది. "మీవాళ్ళా అమ్మా?" అంది. "అవునండీ" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, కాఫీ ఇస్తే తాగకుండా ఇప్పుడే తాగానంది. మర్నాడు డాబా మీదికి బట్టలు తీసుకుపోతే నా వైపు దండెం తెగ్గోసి ఉంది. వారానికి ఆమె కూతురు కాపురానికి వస్తోంది, ఇల్లు కావాలన్నారు. ఆ కూతురికి అప్పటికి ఎనిమిదో తరగతి.

ఖాళీ చేసేరోజు నేను ఇల్లంతా కడిగాను. మేకు తీసిన చోట సున్నం పూసి సరిచేశాను. మా ఆయన ఎందుకింత చాకిరీ అని కోప్పడ్డాడు. మాసిన ఇల్లు వదిలిపోతే, చూశారా వీళ్ళింతే అంటారు. అది నేను భరించలేను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు చేసింది శుభ్రం కాదు, భయం అనిపిస్తుంది. నా శుభ్రంలో ఎంత నాది, ఎంత భయమో ఈ వయసులో కూడా విడదీయలేను. బయటికి పోయేముందు నా కాలరు నేను ఇప్పటికీ వాసన చూసుకుంటాను.

తర్వాత సొంతిల్లు కట్టుకున్నాం. పటం ముందుగదిలోనే ఉంది. బట్టలు మిషన్లో ఉతుకుతాయి. అమ్మ మా దగ్గరికి వచ్చాక దాన్ని నమ్మలేదు, "అది జాడించదు, తిప్పుద్ది" అనేది. తన తెల్లచీర తనే శనివారం శనివారం పెరట్లో ఉతుక్కునేది. గంజి మాత్రం నన్ను పెట్టమనేది, నీలి తనే కలిపేది.

2011లో ఊళ్ళో ఉండగా పోయింది. మట్టి చేసి వచ్చాక పక్కబట్టలూ దుప్పట్లూ పెరట్లో కుప్పగా ఉన్నాయి. ఊళ్ళో చావుబట్టలు చాకలే తీసుకుపోవాలి, మా పల్లెకు ఆ ఆనవాయితీ లేదు. ఆ మధ్యాహ్నం చాకలామె కూతురు వచ్చింది. ఆమె తల్లి అప్పటికి పోయి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో మేరలు పోయాయి, రేవు పూడిపోయింది, ఆమె కొడుకు టౌన్లో ఇస్త్రీబండి పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, పెద్దామె బట్టలు నేను తీసుకుపోయి ఉతికి తెస్తా" అంది. మా తమ్ముడు ఇచ్చేద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఇంతకాలం లేని చాకిరీ ఈరోజెందుకు నీకు, లోపలికొచ్చి అన్నం తిను అన్నాను. తింది. తిన్నాక ఆకు తీసి పారేసి, నాతోపాటు పెరట్లోకి వచ్చింది. నేను పంపు కింద దుప్పట్లు జాడిస్తుంటే కొంగు దోపుకుని నిలబడింది. దుప్పటి ఒక కొస తను పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. తను కుడివైపుకీ నేను ఎడమవైపుకీ మెలిపెట్టి పిండాం. "నీకు పిండటం వచ్చే" అంది. అమ్మ నేర్పిందన్నాను. నాలుగు దుప్పట్లూ ఆరేసేసరికి పొద్దు వాలింది.